జిమ్ బ్రౌన్‌కి అన్నిటికన్నా ఇష్టమైన ఆట

ఆటల ముచ్చట: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్ నమస్తే. మాది హనుమకొండ, రిటైర్డ్ లెక్చరర్‌ని. మా కొడుకు కోడలు న్యూజెర్సీల ఉంటరు, మనుమడికి పదిహేనేండ్లు. వాడు లాక్రోస్ అని ఒక ఆట ఆడుతున్నడు, పొడుగు కర్ర చివర వల ఉంటది, హెల్మెట్ పెట్టుకొని ఉరుకుతరు. వాడి రూముల గోడకి ఒకాయన ఫొటో ఉంది, ఎవర్రా అంటే జిమ్ బ్రౌన్ తాతా, లాక్రోస్ ప్లేయర్ అన్నడు. నేను నెట్ల చూస్తే ఆయన ఫుట్‌బాల్ ప్లేయర్, సినిమా యాక్టర్ అని వస్తుంది. వాడు నాకు తప్పు చెప్తున్నడా? ఇంకోటి, ఈ ఆట వల్ల చదువు పాడైతదని మా కొడుకు భయం, నువ్వు మాట్లాడి మాన్పియ్యి నాయినా అంటున్నడు. నేనేం చెప్పాలె?

జవాబు: సార్, మీ మనుమడు చెప్పింది కరెక్టే, నెట్ల ఉన్నది కూడ కరెక్టే. జిమ్ బ్రౌన్ అమెరికన్ ఫుట్‌బాల్‌ల చానా పెద్ద పేరు, అంటే మనం కాళ్ళతోటి ఆడే ఫుట్‌బాల్ కాదు, కోలబంతి చంకల పెట్టుకొని అడ్డమొచ్చినోళ్ళని గుద్దుకుంట ఉరికే ఆట. 1957 నుంచి 1965 దాక తొమ్మిది సీజన్లు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అనే ఒక్క టీముకే ఆడిండు, 118 మ్యాచ్‌లల్ల ఒక్కటి కూడ మిస్ కాలే, బంతి పట్టుకొని ఉరికి మొత్తం 12,312 గజాలు తీసిండు, ఆ తొమ్మిదిట్ల ఎనిమిది సార్లు ఈ లెక్కల లీగ్ మొత్తానికి ఆయనే ఫస్ట్. మంచి ఊపుల ఉండంగనే, ముప్పై ఏండ్లకే, ఆట బంద్ జేసి సినిమాలకు పోయిండు. లోకానికి తెలిసింది ఇది. మీ మనుమడు గోడకి పెట్టుకున్నది అంతకు ముందు కథ, నన్నడిగితే అదే ఇంకా బాగుంటది.

ఆయన పుట్టింది 1936ల, జార్జియా రాష్ట్రంల ఒక దీవి మీద. ఎనిమిదేండ్లప్పుడు న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌ల ఇండ్లల్ల పనిచేసే తల్లి దగ్గరికి వచ్చిండు. అక్కడ మన్‌హాసెట్ అని ఊరు, ఆ ఊరి హైస్కూల్‌ల అయిదు ఆటలు ఆడిండు, అందుల లాక్రోస్ ఒకటి. ఆ ఏరియాల లాక్రోస్ అంటే మన ఊర్లల్ల కబడ్డీ అన్నంత మోజు. అటెన్క సిరక్యూస్ యూనివర్సిటీకి పోయిండు, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, ట్రాక్, లాక్రోస్ అన్నీ ఆడిండు. ఆఖరి ఏడాది 1957ల సిరక్యూస్ లాక్రోస్ టీమ్ పది మ్యాచ్‌లు ఆడితే పదీ గెలిచింది, బ్రౌన్ ఒక్కడే 43 గోల్స్ కొట్టిండు, దేశం మొత్తం మీద బెస్ట్ ప్లేయర్లని ఏరి పెట్టే ఆల్ అమెరికన్ లిస్టుల ఫస్ట్ టీమ్‌ల పేరొచ్చింది. ఆ సీజన్ల ఒక రోజు కథ ఇప్పటికీ చెప్పుకుంటరు, పొద్దున ట్రాక్ మీట్‌ల హై జంప్, డిస్కస్ రెండూ గెలిచి, డ్రెస్ మార్చుకొని అదే రోజు ఆర్మీ టీమ్ మీద లాక్రోస్ మ్యాచ్‌కి దిగి గెలిపిచ్చిండు. అప్పటికే ఫుట్‌బాల్ కాంట్రాక్ట్ రెడీగ ఉన్న మనిషి, కాలో చెయ్యో విరిగితే జీవితం పాయె, అయినా ఆ సీజన్ వదులుకోలే.

ఎట్ల ఆడెటోడో చెప్తే మీకు ఫొటో ఇంకా బాగ అర్థమైతది. లాక్రోస్‌ల బంతి వలల ఉంటది, చేత్తోటి ముట్టద్దు. ఉరుకుతుంటే బంతి ఎగిరి కింద పడకుండ మణికట్టు తోటి కర్రని ఇటు అటు తిప్పుకుంట ఉండాలె. నెత్తిమీద బోనం ఎత్తుకున్న మనిషి సడెన్‌గ ఉరకాల్సొస్తే ఎంత జాగ్రత్త పడాల్నో అంత జాగ్రత్త, కాకపోతే ఇక్కడ చుట్టూ నలుగురు కర్రల తోటి కొట్టి బంతి రాలగొట్టాలని చూస్తుంటరు. బ్రౌన్ ఏం చేసెటోడంటే కర్రని ఛాతికి ఒత్తిపట్టుకొని, ఇంకో చెయ్యి అడ్డం పెట్టి, మనుషుల మధ్యల నుంచి దూసుకపోయెటోడు. ఆ బలం ముందర ఎవరూ ఆగకపోయేసరికి కర్ర ఒంటికి ఆనిచ్చి పట్టుకోవద్దు, కదుపుతనే ఉండాలె అని రూల్ తెచ్చిందే ఈయన వల్ల అని లాక్రోస్ మనుషులు ఇప్పటికీ అంటరు.

ఇగ అసలు సంగతి. ముసలోడయినంక కూడ, ఎవరడిగినా, నాకు అన్నిటికంటె ఇష్టమైన ఆట లాక్రోసే అని చెప్పిండు బ్రౌన్. ఫుట్‌బాల్ ఆయనకు పైసలిచ్చింది, పేరిచ్చింది, దేశంల ఏ ఊరికి పోయినా గుర్తుపట్టే మొఖం ఇచ్చింది. లాక్రోస్ ఏమిచ్చింది? ఆ కాలంల కాలేజీ అయిపోతే లాక్రోస్ ఆడి బతికే దారే లేదు, ఉంటె కత వేరే ఉండునేమో. అయినా మనసు అటే. నాకనిపించేది ఏందంటె, ఫుట్‌బాల్‌ల ప్రతి నాలుగైదు సెకన్లకు ఆట ఆగుతది, కోచ్ చెప్పిన గీత మీదనే ఉరకాలె. లాక్రోస్‌ల ఆట సాగుతనే ఉంటది, ఎప్పుడు మలగాలె, ఎవరికి పాస్ ఇయ్యాలె అంతా ఆడెటోడి ఇష్టం. అంత పెద్ద ఒళ్ళు, అంత స్పీడు ఉన్నోడికి ఆ విడుదల దొరికింది ఇక్కడనే. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, లాక్రోస్ హాల్ ఆఫ్ ఫేమ్ మూడిట్లనూ ఆయన పేరుంది. 2023 మే నెలల, 87 ఏండ్లకు చనిపోయిండు.

గోడ మీద ఫొటో ఉన్నది కాబట్టి ఇంకో మాట కూడ చెప్పాలె, దాచిపెడితే బాగుండది. నల్లజాతి హక్కుల కోసం బ్రౌన్ గట్టిగ నిలబడ్డడు, 1967ల మిలిటరీకి పోనన్నందుకు ముహమ్మద్ అలీని అందరూ తిడుతుంటే పెద్ద పెద్ద ఆటగాళ్ళని క్లీవ్‌లాండ్‌ల కూడగొట్టి అలీ పక్కన కూసున్నడు. అదే బ్రౌన్ మీద ఆడవాళ్ళని కొట్టిండని కేసులు ఒకటి కంటె ఎక్కువే అయినయ్, భార్య కారు పగలగొట్టిన కేసుల 2002ల జైలుకు కూడ పోయిండు. పిల్లగాడు పదిహేనేండ్లోడు, ఈ రెండూ తెలుసుకునే వయసే. ఆట నేర్చుకో, మనిషిని మొత్తం నెత్తిన పెట్టుకోకు అని తాత చెప్తే వింటడు.

అట్లనే మీ మనుమడిని ఇంకో పేరు అడగండి, ఓరెన్ లయన్స్. ఈయన బ్రౌన్ తోటి అదే 1957 టీమ్‌ల గోల్ కీపర్, ఈయన కూడ ఆల్ అమెరికన్. నాకైతే బ్రౌన్ కంటె ఈయన కథ ఇంకా ఎక్కువ మనసుకు పడుతది. లయన్స్ ఒనొండాగ అనే ఆదివాసీ తెగ మనిషి, సిరక్యూస్ టౌన్ కింద దిక్కునే వాళ్ళ నేల ఉంటది. అసలు లాక్రోస్ పుట్టిందే వాళ్ళ దగ్గర. మోహాక్, ఒనైడా, ఒనొండాగ, కయూగ, సెనెకా, టస్కరోరా, ఈ ఆరు తెగలు కలిస్తె హోడెనషోనీ అంటరు. వాళ్ళకు ఈ ఆట దేవుడిచ్చింది, ఊర్ల ఎవరికన్నా పానం బాగలేకపోతే వాళ్ళ కోసమని ఆడుతరు, మగపిల్లగాడు పుడితే చిన్న కర్ర చేతిల పెడుతరు, చనిపోతే కర్రని పక్కన పెట్టి సాగనంపుతరు. హికరీ అని ఒక చెట్టు ఉంటది, దాని కట్టెను ఆవిరి పట్టి వంచి, నెలల తరబడి ఆరబెట్టి చేస్తరు ఆ కర్ర. మీ మనుమడి చేతిల ఉన్న ప్లాస్టిక్ తలకాయ, లోహం కర్ర అన్నీ దాని తర్వాత వచ్చినయే.

లయన్స్ కాలేజీల చదివింది ఆర్ట్. న్యూయార్క్‌ల గ్రీటింగ్ కార్డుల కంపెనీల బొమ్మలేసే ఉద్యోగం చేసిండు, మంచి పొజిషన్‌కే పోయిండు, 1970ల అదంతా వదిలి వాళ్ళ నేలకు తిరిగొచ్చి తెగ పెద్దల్ల ఒకడయిండు, ఐక్యరాజ్యసమితిల ఆదివాసుల గురించి మాట్లాడిండు. ఇన్ని పనుల మధ్య కూడ లాక్రోస్ వదల్లే, 1983ల తన తెగల కోసం ఒక నేషనల్ టీమ్ పెట్టిన వాళ్ళల్ల ఆయన ముఖ్యుడు. అమెరికా జెండా కింద కాదు, కెనడా జెండా కింద కాదు, మా జెండా కింద మేమే ఆడుతం అన్నరు. 2010ల ఇంగ్లాండ్‌ల మాంచెస్టర్‌ల వరల్డ్ చాంపియన్‌షిప్ ఉంటే వాళ్ళ సొంత పాస్‌పోర్ట్ మీద పోతమన్నరు, బ్రిటన్ రానియ్యలే, వేరే పాస్‌పోర్ట్ తీస్కుంటే అయిపోయేది గని ఆ టీమ్ టోర్నమెంటే వదులుకుంది. అటెన్క 2014, 2018, 2023 వరల్డ్ చాంపియన్‌షిప్‌లల్ల వరసగ మూడు సార్లు బ్రాంజ్ కొట్టిన్రు. మొత్తం కలిపినా జనాభా ఎంతుంటదని, అంత చిన్న జాతి!

ఇగ మీ కొడుకు భయం గురించి. ఆయన భయం తప్పు కాదు, అంత దూరం పోయి పిల్లలను సెటిల్ చేసుకుంటున్నోళ్ళకు ప్రతిదీ భయమే. గని మాన్పిచ్చే పని మీరు నెత్తికి ఎత్తుకోకండి. స్కాలర్‌షిప్ కోసమని ఆడిస్తే మాత్రం నేను కూడ వద్దంట, ఎందుకంటె లాక్రోస్‌ల పూర్తి ఫీజు స్కాలర్‌షిప్ దొరికేది చానా తక్కువ మందికి, ఉన్న పైసలని కోచ్‌లు చానామందికి ముక్కలు ముక్కలు పంచుతరు, హార్వర్డ్ యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలల్ల అయితే ఆటకని స్కాలర్‌షిప్పే ఉండది. మార్కులు చూడండి, నిద్ర చూడండి, అవి బాగుంటె ఆడనియ్యండి. ఈసారి వీడియో కాల్‌ల చదువు సంగతి పక్కకు పెట్టి, కర్ర చూపియ్యిరా, బంతి పడకుండ ఎట్ల ఉరుకుతవ్ రా అని అడగండి, ఫోన్ ఎక్కడో పెట్టి గదంత ఉరికి చూపిస్తడు. పిల్లలు మనతోటి ఎక్కువ మాట్లాడతలేరని తాతలందరి బాధ కదా.

ప్రశ్న: లాక్రోస్‌ల కర్రలతోటి కొట్టుకుంటరట, అంత ప్రమాదమా? మా అక్క బిడ్డ అక్కడ ఆడుతనంటుంది. (పరకాల నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మగపిల్లల ఆట, ఆడపిల్లల ఆట రూల్స్ వేరే వేరే అమ్మా. మగపిల్లల దాంట్ల ఒళ్ళు తగిలించి ఆపచ్చు, అందుకే హెల్మెట్, గ్లౌజులు, భుజాలకు ప్యాడ్లు ఉంటయ్. ఆడపిల్లల దాంట్ల అట్ల గుద్దుడు ఉండది, కళ్ళకు గాగుల్స్, పండ్లకు మౌత్‌గార్డ్ తోటి ఆడుతరు. బంతి గట్టి రబ్బర్ బంతి, 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బంతి కంటె కొంచెం తక్కువ బరువు, పెద్దోళ్ళు కొడితే గంటకు 160 కిలోమీటర్లు దాటుతది కాబట్టి గాగుల్స్ లేకుండ ప్రాక్టీస్‌కి కూడ దిగద్దని చెప్పండి. దాని మీద మాత్రం రాజీ పడకండి.

ప్రశ్న: సార్, నేను కరీంనగర్‌ల డిగ్రీ సెకండియర్, స్కూల్‌ల హ్యాండ్‌బాల్ ఆడిన. 2028 ఒలింపిక్స్‌ల లాక్రోస్ ఉందని విన్న, నిజమేనా? ఇక్కడ ఎవరూ ఆడరు కదా, నేను మొదలుపెడితే పిచ్చి అంటరా?

జవాబు: నిజమే బిడ్డా. 2023 అక్టోబర్‌ల ముంబైల ఒలింపిక్ కమిటీ మీటింగ్ అయింది గుర్తుందా, క్రికెట్ మళ్ళ ఒలింపిక్స్‌లకు వచ్చిందని పేపర్లన్నీ నిండిపోయినయ్, అదే రోజు అదే తీర్మానంల లాక్రోస్ కూడ వచ్చింది, స్క్వాష్ వచ్చింది, బేస్‌బాల్ సాఫ్ట్‌బాల్, ఫ్లాగ్ ఫుట్‌బాల్ వచ్చినయ్. మనోళ్ళకు క్రికెట్ ముందర వేరేది కనపడలే, అది నాకు కొంచెం బాధే. లాక్రోస్ ఒలింపిక్స్‌కి కొత్త కూడ కాదు, 1904 సెయింట్ లూయిస్‌ల, 1908 లండన్‌ల మెడల్ ఆట, రెండు సార్లూ గోల్డ్ కెనడాదే. ఇప్పుడు 120 ఏండ్ల తర్వాత వస్తుంది.

లాస్ ఏంజెలెస్‌ల ఆడేది సిక్సెస్ అని చిన్న ఫార్మాట్. మామూలు మగవాళ్ళ ఆట పదిమంది తోటి, పెద్ద గ్రౌండ్‌ల, పావుగంట చొప్పున నాలుగు క్వార్టర్లు. సిక్సెస్‌ల టీముకు ఆరుగురు, ఎనిమిది నిమిషాల క్వార్టర్లు నాలుగు, బంతి దొరికినంక 30 సెకన్లల్ల షాట్ కొట్టాల్సిందే, గ్రౌండ్ 70 మీటర్లు పొడుగు, 36 మీటర్లు వెడల్పు. ఆడోళ్ళల్ల ఆరు టీములు, మొగోళ్ళల్ల ఆరు టీములే పోతయ్, అందుకని 2028 మీద ఆశ పెట్టుకోకు, నిజం చెప్తున్న. ఇంకో సంగతి, ఆట పుట్టించిన హోడెనషోనీ వాళ్ళకే ఆ ఆరుల చోటు కష్టమయింది, ఒలింపిక్ కమిటీ ఉన్న దేశాలకే ఎంట్రీ అని రూల్, వాళ్ళ తరఫున అడిగెటోళ్ళు చానామంది ఉన్నరు, ఇయ్యాలె అనే నేను కూడ అంట.

నువ్వు హ్యాండ్‌బాల్ ఆడినవ్ కదా, సిక్సెస్ చూస్తే నీకు వెంటనే ఎక్కుతది. బంతి దొరకంగనే అందరూ అటు ఉరుకుడు, పోంగనే అందరూ ఇటు ఉరికి డిఫెన్స్ కట్టుడు, గోల్ ముందర పాస్ మీద పాస్, అన్నీ నీకు అలవాటైనయే. నేర్చుకోవాల్సింది కర్ర. దానికి గ్రౌండ్ కూడ అవసరం లేదు, గోడ చాలు. పెద్ద పెద్ద ప్లేయర్లు కూడ రోజూ చేసేది అదే, గోడకి కొట్టి తిరిగొచ్చిన బంతిని వలల పట్టుడు, కుడి చేత్తోటి కొన్ని, ఎడమ చేత్తోటి అంతకంటె ఎక్కువ. ఎడమ చేత్తోటి చేసుడు మొదట్ల మస్తు చిరాకు పుట్టిస్తది, అక్కడనే సగం మంది ఆపేస్తరు. అంబేద్కర్ స్టేడియం దిక్కు హ్యాండ్‌బాల్ ఆడే నీ దోస్తులను ఇద్దరు ముగ్గురిని పట్టు, ఒక్కదానివే చేస్తే విసుగొస్తది. కర్రలు ఒకేసారి నాలుగు కొనకు, ముందు ఒకటి తెప్పించుకొని అందరూ మార్చుకొని ఆడి చూడండి.

పిచ్చి అంటరా అన్నవ్. అంటరు. నిజామాబాద్‌ల ఆడపిల్ల బాక్సింగ్ చేస్తనంటె కూడ అన్నరు, నిఖత్ జరీన్ 2022ల, 2023ల వరల్డ్ చాంపియన్ అయింది. మన వరంగల్ జిల్లా కల్లెడ పిల్ల దీప్తి జీవాంజిని చిన్నప్పుడు ఊర్ల ఎన్ని మాటలన్నరో తల్లిదండ్రులే చెప్పుకొని ఏడ్చిన్రు, 2024 పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్ల పరుగుల బ్రాంజ్ తెచ్చింది. నువ్వు మెడల్ తెస్తవని కాదు నేననేది. డిగ్రీల ఉన్నవ్, పరీక్షలు రాసుకుంట సాయంత్రం గంట సేపు గోడకు బంతి కొడితే ఎవరికి ఏం పోయింది?

ప్రశ్న: అన్నా, నేను సింగరేణిల చేసి రిటైర్ అయిన, మంచిర్యాల. కాలేజీల ఉన్నప్పుడు వాలీబాల్‌ల కాకతీయ యూనివర్సిటీ టీమ్‌కి ఆడిన. ఉద్యోగం వచ్చినంక షిఫ్టులు, పిల్లలు, ఆట పోయింది. ఇప్పుడు మోకాళ్ళు కూడ పోయినయ్. అయినా సాయంత్రం అయితే కాలేజీ గ్రౌండ్ దగ్గరికి పోయి గోడ పక్కన నిలబడి పిల్లలు ఆడుతుంటే చూస్త. ఇంట్ల నవ్వుతరు, ఇంకా ఆ ఆట ఏందయ్యా అని. ఈ వయసుల ఆ ప్రేమ ఏం పనికొస్తది?

జవాబు: అన్నా, మీ ప్రశ్నకు జవాబు పైన చెప్పిన జిమ్ బ్రౌన్ కథలనే ఉంది, కావాల్నని మీ కోసం దాచిపెట్టిన. మన్‌హాసెట్‌ల కెనెత్ మొలోయ్ అని ఒక లాయర్ ఉండెటోడు. ఆయన కాలేజీ రోజులల్ల సిరక్యూస్‌కి లాక్రోస్ ఆడిన మనిషి, మంచి ప్లేయర్. చదువయినంక ఊరికొచ్చిండు, కోర్టు, కేసులు, సంసారం, అందరి లెక్కనే. గని ఊరి స్కూల్ పిల్లల ఆటలు చూసుడు మాత్రం బంద్ జేయలే. అట్ల చూస్తుంటె ఈ జిమ్ బ్రౌన్ కంట్ల పడ్డడు.

బ్రౌన్ కోసం చానా కాలేజీలు పోటీ పడ్డయ్, మొలోయ్ మాత్రం వాణ్ణి సిరక్యూస్‌కే తోలియ్యాలని పట్టు పట్టిండు. సిరక్యూస్ వాళ్ళు స్కాలర్‌షిప్ ఇయ్యలే. మొలోయ్ ఏం చేసిండంటే ఊర్ల తెలిసిన వాళ్ళందరి దగ్గర చందా ఎత్తి మొదటి ఏడాది ఖర్చు కట్టిండు, పిల్లగాడికి మాత్రం స్కాలర్‌షిప్ వచ్చిందనే చెప్పిండు. బ్రౌన్‌కి ఆ సంగతి తర్వాత గని తెల్వలే. ఆ మొదటి ఏడాది సిరక్యూస్‌ల ఫుట్‌బాల్ టీమ్‌ల నల్ల పిల్లగాడు ఆయనొక్కడే, మస్తు గోస పడ్డడు, వాపస్ వచ్చేస్తననే దాక పోయిండు, సర్ది చెప్పి నిలబెట్టిన్రు. లాక్రోస్ కోచ్ రాయ్ సిమన్స్ అక్కడ బాక్సింగ్ కూడ నేర్పెటోడు, ఫుట్‌బాల్‌కి అసిస్టెంట్ కోచ్ కూడ, ఆ పిల్లగాడిని మంచిగ చూసుకున్న కొద్దిమందిల ఆయనొకడు. 43 గోల్స్ సీజన్ ఈ ఇద్దరు లేకుండ లేదు. ఆట ఆపేసిన ఒక లాయర్ సాయంత్రం పూట గ్రౌండ్ పక్కన నిలబడకపోతే ఆ పిల్లగాడు ఇంకెక్కడికి పోతుండెనో.

మీరు నిలబడే ఆ గోడ నుంచి గేటు దాక ఎంత దూరమని అన్నా? లోపలికి పోండి. కాలేజీ పీడీ సార్‌ని కలిసి ఫలానా ఏడాది యూనివర్సిటీకి ఆడిన అని చెప్పండి, ఆ మాట విన్నంక కుర్చీ వేయని పీడీని నేనింతవరకు చూడలే. మోకాళ్ళు అడ్డం అంటరా, స్మాష్ మీరు కొట్టనవసరం లేదు. సర్వీస్ పోయేటప్పుడు పిల్లలు బంతిని ఎంత ఎత్తు ఎగరేస్తున్నరు, సెట్టర్ వేళ్ళు ఎట్ల పెడుతున్నడు, బ్లాక్‌కి ఒక అర సెకన్ ముందే ఎందుకు ఎగురుతున్నరు, ఇవి చూసి చెప్పడానికి కండ్లు చాలు, మీ కండ్లకు ఎన్నో ఏండ్ల అలవాటు ఉంది. ఆడుకుంట ఉన్నోళ్ళకి అవి కనపడయ్. జిల్లా మ్యాచ్‌లకు స్కోరర్లు, లైన్ జడ్జిలు దొరక్క ప్రతిసారి పీడీలు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటరు, జిల్లా వాలీబాల్ అసోసియేషన్ వాళ్ళకు మీ నంబర్ ఇచ్చి పెట్టండి. బూట్లు కొనేటందుకు పైసలు లేని పిల్లగాడు ప్రతి గ్రౌండ్‌ల ఒకడు ఉంటడు, పీడీ సార్‌కి వాడి పేరు తెలిసే ఉంటది. మీ బ్యాచ్ వాళ్ళు బెల్లంపల్లిల, రామగుండంల, గోదావరిఖనిల రిటైర్ అయి కూసున్నోళ్ళు ఉంటరు, వాట్సాప్‌ల గుడ్ మార్నింగ్‌లు పంపుకునుడే గదా ఇప్పుడు పని, వాళ్ళను కూడ పిలవండి, తలా ఇంత వేస్తే రెండు బంతులు, ఒక కొత్త నెట్ వస్తయ్.

మోకాళ్ళ సంగతి మాత్రం వాయిదా వేయకండి, ఒకసారి ఎముకల డాక్టర్‌కి చూపెట్టి, గంటసేపు నిలబడచ్చునా లేదా అడిగి, అవసరమైతే గ్రౌండ్‌ల ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకోండి. పీడీ సార్‌ని కలిసినంక ఏమన్నడో మాకు మళ్ళ రాయండి.